అత్త తలుపు

తలుపు కింది సందులోంచి సన్నగా దీపం వెలుతురు బయటికి పడుతోంది, పట్టపగలు పదింటికి.

పనిముట్ల పెట్టె కింద పెట్టి అతను మళ్ళీ తలుపు బాదాడు. "అత్తా! నేనే!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

సర్కారు ఫ్లాట్లలో, నాలుగో అంతస్తులో, మేనత్త ఒక్కతే ఉంటుంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. నిన్నటినుంచి తలుపు తీయలేదని పక్కింటావిడ ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చాడు.

అతను తాళాలు బాగుచేసేవాడు. ఈ భవనాల్లో తాళంచెవి పోగొట్టుకున్న ప్రతివాడికీ అతనే దిక్కు. హౌసింగ్ ఆఫీసు కాగితం ఇస్తే అతను తలుపు తెరుస్తాడు. అత్త తలుపుకి తాళం బిగించిందీ తనే. తీయడం రెండు నిమిషాల పని.

పెట్టె మూత తీశాడు.

"ఆగన్నా," అన్నాడు వెనకే నిలబడ్డ బిల్డింగ్ సూపర్‌వైజర్, రిజిస్టరు తిరగేస్తూ. "అవసరమైతే తలుపు తెరిపించే బంధువు అన్నచోట ఎవరి పేరూ లేదు."

"నా మేనత్తయ్యా!"

"నాకు తెలుసు. రిజిస్టరుకి తెలీదుగా! పోయిన నెల కాగితం లేకుండా ఎవరికో తీశావని ఆఫీసులో గోల గోల. ఇంకోసారైతే ఇక్కడ నీ పని అయిపోయినట్టే. నా ఉద్యోగమూ ఊడుతుంది. ఫోన్ చేశా, మనిషిని పంపుతామన్నారు. చెల్లెలింటికి వెళ్ళిందేమో, కంగారుపడకు."

దీపం ఆర్పకుండా అత్త గడప దాటదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

తెలిసీ పెట్టె మూత వేసేశాడు.

ఆ బంధువు కాగితాన్ని అత్త మూడుసార్లు అతని ముందు పెట్టింది. "ఒక్క సంతకం పడెయ్యరా, నీ సొమ్మేం పోయింది?"

"తాళాలవాడికి తలుపు తెరవడానికి కాగితమా? చేపపిల్లకి ఈత నేర్పినట్టుంది అత్తా!" అని మూడుసార్లూ నవ్వేశాడు.

వెధవ నవ్వు.

వరండాలో అటూ ఇటూ తిరిగాడు. ఆఫీసుకి ఫోన్ మీద ఫోన్ చేశాడు. అరిచాడు, బతిమాలాడు. సూపర్‌వైజర్ తెప్పించిన టీ కూడా తాగాడు. ఆ టీ గొంతు ఎలా దిగిందో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి అంతుపట్టలేదు.

ఆఫీసు మనిషి పన్నెండున్నరకి వచ్చి కాగితం మీద స్టాంపు వేశాడు. తాళం తీయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అత్త గుమ్మానికి రెండడుగుల దూరంలో పడి ఉంది. కాలు ఒక పక్కకి వాలిపోయింది, పెదాలు ఎండి పగిలాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

సూపర్‌వైజర్ అంబులెన్సుకి ఫోన్ చేస్తూ కిందికి పరిగెత్తాడు.

అతను నేలమీద కూలబడి ఆవిడ తల ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఇప్పుడే వచ్చానత్తా. తెలిసిన వెంటనే వచ్చేశా."

అత్త అతని చొక్కా అంచు పట్టుకుంది.

"పొద్దుట్నించీ నీ గొంతు వింటూనే ఉన్నాన్రా," అంది, నూతిలోంచి మాట్లాడినట్టు. "నాకే నోరు పెగల్లేదు. నువ్వొచ్చేశావుగా, ఇంకేం భయం లేదనుకున్నా."