నాలుగో కెంటకీ

“ఆగు! ఇంకో అడుగేశావంటే కాల్చేస్తా. ఎవరు నువ్వు?”

పొగమంచులోంచి వచ్చిన కేకకి ఓరిన్ తుపాకీ పైకెత్తి కొయ్యబారిపోయాడు. అవి అమెరికా అంతర్యుద్ధం రోజులు; అతను సర్కారు సైన్యంలో వాలంటీరు. తెల్లారి గంటైనా, నాలుగడుగుల అవతల మనిషి ఆనడం లేదు.

“కాల్చొద్దన్నా! కెంటకీవాణ్ణే. నాలుగో రెజిమెంటు ఎక్కడుందో తెలీక ఈ అడవంతా తిరుగుతున్నా.”

“నాలుగో కెంటకీయా? ఇదే. రా, రా!”

ఓరిన్‌కి ప్రాణం లేచొచ్చింది. వాగులో పడి లేచాడేమో, మెడదాకా బురదే, బట్టల రంగే తెలీడం లేదు. కాపలా ఉన్న లెమ్ కూడా అలాగే ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి. దగ్గరకొచ్చి, ఓరిన్ మొహంలోకి తొంగిచూశాడు.

“ఏ ఊరు తమ్ముడూ?”

“డాన్‌విల్ పక్కన. మా నాన్న గుర్రాలకి లాడాలు కొడతాడు.”

“కుంటి గిడియన్ కొడుకువా! ఓరి నీ! మా గుర్రాలన్నిటికీ ఆయనే కొట్టేవాడు. ముక్కు కూడా ఆయనదే వచ్చింది నీకు, పాపం.”

చుట్టూ కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఎవరో మొక్కజొన్న రొట్టె ముక్క ఓరిన్ చేతిలో పెట్టారు.

“తర్వాత తింటా. కర్నల్ గారెక్కడ? అర్జంటు కబురు.”

తెల్లగడ్డంతో ఒకాయన లేచొచ్చాడు. “నేనే. చెప్పు.”

“వంతెన దగ్గర ముప్పైమందిమే మిగిలాం సార్. మనిషికి రెండు తూటాలు కూడా లేవు. ఈ సంగతి తిరుగుబాటు వెధవలకి తెలిసేలోపు మీ రెజిమెంటు వచ్చెయ్యాలి.”

నవ్వులు ఆగిపోయాయి. లెమ్ తల దించుకున్నాడు.

“ముప్పైమందేనా?” అన్నాడు కర్నల్.

“అంతే సార్. మా అన్న కూడా అక్కడే ఉన్నాడు. తొడలో గుండు దిగింది, నిలబడలేడు. అయినా కదలనంటున్నాడు.”

కర్నల్ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి, “లేవండి. వంతెన మీదికి పోతున్నాం” అన్నాడు.

మంచులో వందలమంది ఒక్కసారి లేచిన చప్పుడైంది. తుపాకులకి బాకులు బిగిస్తున్నారు. ఇంతమంది ఉన్నారా! ఓరిన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“దేవుళ్ళలా దొరికారు సార్. రండి, దగ్గర దారి చూపిస్తా.”

అతను అడుగెయ్యబోతుంటే లెమ్ అతని తుపాకీ పట్టుకున్నాడు. గుంజలేదు. ఒక్కొక్క వేలూ విడదీసి, మెల్లగా తీసుకున్నాడు.

“ఏంటన్నా ఇది?”

లెమ్ అన్నాడు:

“నువ్విక్కడే కూర్చో తమ్ముడూ. మీ సైన్యంలో ఒక నాలుగో కెంటకీ ఉంది, తిరుగుబాటు సైన్యంలో ఒకటుంది. మేం ఆ రెండోవాళ్ళం.”