రెండో దరఖాస్తు

సగం గీకిన కొబ్బరిచిప్ప చేతిలో ఉండగానే ఫెతూ రోడ్డు మీదికి పరుగెత్తింది.

"మా మరేటా పేరు వచ్చిందోయ్! న్యూజిలాండ్ లాటరీలో మా చెల్లి పేరు వచ్చింది!"

దీవి రాజధాని అపియాకి వెళ్లే బస్సు ఆగి హారన్ మోగించింది. ఫెతూ నడిరోడ్డు మీదే చిందేసింది.

వీసా ఆఫీసునుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని మరేటా ఇంటి మెట్టు మీద కూర్చుండిపోయింది.

న్యూజిలాండ్‌లో స్థిరపడటానికి వేలమంది దరఖాస్తు పెడితే ఏటా లాటరీలో కొందరి పేర్లే తీస్తారు. వయసు నలభై ఐదు దాటితే అసలు దరఖాస్తే తీసుకోరు. ఫెతూకి వచ్చే నెల నలభై ఆరు.

కొన్ని నెలల కిందట అక్కాచెల్లెళ్ల దరఖాస్తు కాగితాలు రెండూ ఇచ్చి రావడానికి అపియా వెళ్లింది మరేటాయే.

"ఒకే ఇంట్లోంచి ఇద్దరా?" అన్నాడు వరుసలో ముందున్నాయన. "దేవుడు మీ ఇంటి పని మీదే ఉన్నాడనుకున్నావా అమ్మాయ్?"

అందరూ నవ్వారు. మరేటా మాత్రం చేతిలోని రెండు కాగితాల వంక చూసుకుంది. ఇంటికి ఒక్క పేరే వచ్చేట్టయితే?

కౌంటర్ దగ్గర తన కాగితమొక్కటే ఇచ్చింది. రెండోది తిరుగు బస్సులో చింపి కిటికీలోంచి వదిలేసింది.

ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం ప్రార్థనలో ఫెతూ గొంతే గట్టిగా వినిపించింది. "దేవా, నా పేరు రాకపోతే పోయింది. దానిది వచ్చింది, అంతే చాలు."

అమ్మ పోయాక తనని పెంచి పెద్దచేసిన మనిషి. మరేటాకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"అక్కా, నీకో మాట చెప్పాలి."

"ముందు నా మాట విను." ఫెతూ తన తొమ్మిదేళ్ల కూతురు ఇలీసాని ముందుకు తోసింది. "దీన్ని నీ కూతురిగా రాయించుకుని తీసుకుపో. ఇక్కడుంటే ఏముందే, నాలాగా దుంపలు తవ్వుకుంటూ, కొబ్బరి గీక్కుంటూ బతకడమేగా. నేనే తీసుకెళ్దామనుకున్నా. రాసిపెట్టి లేదు."

"అక్కా..."

"ఏడుస్తావేంటే పిచ్చిమొహమా! మనలో అయినవాళ్లకి పిల్లల్ని పెంపకానికి ఇచ్చుకోవడం ఇవాళ కొత్తా?"

ఇప్పుడు నిజం చెబితే పిల్ల బతుకు కూడా పాడవుతుందేమో అనుకుంది మరేటా. నోరు మూసుకోవడానికి అంత మంచి సాకు దొరికినందుకు ఇంకా సిగ్గేసింది.

ఫెతూ కూతురి జడ సవరించింది. "రేపు ఆఫీసులో మీ అమ్మ ఎవరని అడుగుతారు. ఎవర్ని చూపిస్తావ్?"

ఇలీసా తల్లి మొహంలోకి చూసింది. తర్వాత మెల్లగా మరేటా వైపు వేలు చూపించింది.

"మా బంగారమే!" ఫెతూ చప్పట్లు కొట్టింది. "ఏదీ, ఇంకోసారి."

ఇలీసా మళ్లీ మరేటానే చూపించింది.