చారన్నం గిన్నె

ఆ మనిషి చూపు మంచిది కాదని సత్యవతి మొదటిరోజే తేల్చేసింది.

ఏలూరులో మిషనాసుపత్రి వెనక వంటల షెడ్డు ఉంది. రోగుల తాలూకు వాళ్లు ఎవరి కుంపటి మీద వాళ్లు అక్కడే వండుకుంటారు. సత్యవతి ఎసరు పెట్టిందంటే చాలు, ఆ మనిషి వచ్చి గుంజకి ఆనుకుని గిన్నెలోకి చూస్తూ నిలబడేది. వెలిసిపోయిన నీలం చీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ.

“ఏం వండుతున్నారమ్మగారూ?”

“నీకెందుకు?”

“లోపలున్న అమ్మాయికేనాండీ?”

సత్యవతి గిన్నె మీద మూత పెట్టేసింది.

“రూతమ్మంటారండీ. మండవల్లి మనిషి. ఎవరు వండుకుంటున్నా ఇలాగే వచ్చి నిలబడుతుంది” అంది పక్క కుంపటావిడ.

తిండికి మొహం వాచినట్టుంది, దిష్టి కొట్టేస్తుంది అనుకుంది సత్యవతి.

అసలే గుండె చిక్కబట్టుకుని ఉందామె. ఒక్కగానొక్క కూతురు రత్నమాల. తొలి కాన్పుకి ఆకివీడు తెచ్చుకుంటే, మంత్రసాని చెయ్యివేసి చూసి బిడ్డ అడ్డంగా ఉందని తేల్చింది. పడవలో పడుకోబెట్టి, కొల్లేరు దాటించి ఇక్కడికి చేర్చారు.

“బిడ్డ తిరిగితే సరే. లేకపోతే కడుపు కోసి తియ్యాలి” అంది డాక్టరమ్మ.

“కోశాక మా పిల్ల బతుకుతుందాండీ?” అన్నాడు రత్నమాల తండ్రి వీరవెంకటరమణ. ఆకివీడు బజారులో కిరాణా కొట్టు ఆయనది.

“మేం చెప్పినట్టు వింటే బతుకుతుంది.”

బిడ్డ తిరగలేదు. ఓ పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఆపరేషనన్నారు.

“అమ్మాయి నోట్లో ఏమీ పడకూడదు. మంచినీళ్లు కూడా ఇవ్వకండి” అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి వెళ్లింది.

చెప్పడానికేం, చెప్పింది. పెదవులెండిపోయి పిల్ల “అమ్మా, నీరసంగా ఉందే” అంటుంటే కన్నతల్లి చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? పనికి కట్టే ఎడ్లకైనా ముందు కుడితి పెడతారే. కత్తి కింద పడుకోబోయే పిల్లని కడుపు మాడ్చమంటారా?

నర్సు సలోమి ఆపరేషను గది సర్దడానికి వెళ్లింది. సత్యవతి గబగబా మిరియాల చారు కాచి, మెత్తటి అన్నంలో కలిపి, ఇంత నెయ్యి వేసింది. గిన్నె పైట చాటున పెట్టుకుని వరండా ఎక్కింది.

వార్డు గుమ్మానికి అడ్డంగా రూతమ్మ.

“తప్పుకో.”

“వద్దండమ్మగారూ. పెట్టకండి. మీ కాళ్లకి దణ్ణం పెడతాను.”

“నా పిల్లకి నేను పెట్టుకుంటే నీకేం?”

రూతమ్మ ఉన్నట్టుండి చెయ్యి చాపి గిన్నెని ఒక్క తోపు తోసింది.

చారన్నం వరండా అంతా చెదిరింది.

సత్యవతికి ఒళ్లు మండిపోయింది. చప్పుడు విని భర్త పరుగున వచ్చాడు.

“ఏవండీ, దీన్ని బయటికి పంపిస్తారా, నన్ను పొమ్మంటారా?”

ఆయన కాపలా ఏలీయాని కేకేశాడు.

ఈలోగా రూతమ్మ కింద కూలబడి, ఒక్కొక్క మెతుకే ఏరి దోసిట్లో పోసుకుంటోంది. ఏడుస్తోంది.

“అన్నం కావాలంటే అడిగితే పెట్టనా? కడుపుతో ఉన్నదాని నోటి దగ్గరది లాగేస్తావా?” అంది సత్యవతి.

ఏలీయా రూతమ్మ రెక్క పట్టుకుని గేటు దాటించాడు.

సత్యవతి మళ్లీ కుంపటి రాజేసేలోపే రత్నమాలని ఆపరేషను గదిలోకి తీసుకెళ్లిపోయారు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా దక్కారు. మొదట తడిపిన దూదితో పెదవులద్దారు, తర్వాత జావ పోశారు. దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమిపట్టుకోవడం సలోమి నేర్పింది. కుట్లు విప్పిన రోజున డాక్టరమ్మ సత్యవతిని పిలిచింది.

“మత్తు పట్టాక మీ అమ్మాయికి డోకొచ్చింది. కడుపు ఖాళీ కాబట్టి సరిపోయింది. అన్నం గాని ఉండుంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది. బతికేది కాదు. చెప్పిన మాట విన్నారు, మంచిపని చేశారు.”

సత్యవతికి వరండాలో చెదిరిన చారన్నం గుర్తొచ్చింది. మాట విన్నది తను కాదు.

మర్నాడు సన్నబియ్యం అన్నం వండింది. కందపులుసు, ముద్దపప్పు, గడ్డపెరుగు. క్యారేజీ పట్టుకుని తనే గేటు దాకా నడిచింది.

“ఆ రూతమ్మ వచ్చిందా?”

“ఆయ్, రాలేదండి. ఆవేళ పంపించేశాక మళ్లీ కనబళ్లేదండి” అన్నాడు ఏలీయా.

వెనక్కి వస్తుంటే వరండాలో సలోమి ఎదురైంది.

“సలోమమ్మా, రూతమ్మ ఎక్కడుంటుందో తెలుసా? ఆకలితో ఉన్న మనిషిని ఆవేళ గెంటించాను. కడుపునిండా అన్నం పెడదామని తెచ్చాను.”

సలోమి క్యారేజీ వంక చూసింది.

“ఎటు పోయిందో తెలీదండీ. మండవల్లి కూడా వెళ్లలేదంట. అయినా ఆవిడ అన్నం ముట్టదండీ. జామకాయలో, ఉడకబెట్టిన దుంపలో తిని బతుకుతుంది.”

“అదేం? ఏదైనా మొక్కా?”

“మొక్కు కాదండీ. పోయిన చలికాలం మీ అమ్మాయి పడుకున్న మంచం మీదే ఆవిడ కూతురుండేది. ఆ పిల్లకీ ఇదే ఆపరేషను. మత్తులోంచి మరి లేవలేదు.”

సలోమి గొంతు తగ్గించింది.

“ఆపరేషనుకి ముందు మాకెవరికీ తెలీకుండా, పైట చాటున అన్నం పట్టుకెళ్లి నాలుగు ముద్దలు తినిపించింది రూతమ్మేనండీ.”