ఊ కొట్టే నీడలు

ఇప్పుడు వెబినార్‌కి ఎవరూ స్వయంగా రావడం లేదు. తమ ముఖంతో, తమ గొంతుతో ఉండే నీడను పంపించి, ఎవరి పనులు వాళ్లు చూసుకుంటున్నారు.

కోటిరత్నం పాత చీరలతో బొంత కుట్టడం నేర్పుతుంది. కోడలు హైమ పది రోజులు ప్రచారం చేస్తే మూడు వందల మంది చేరారు. అందులో ఒక్కరైనా నిజమైన మనిషని తేలకపోతే, వెబినార్ సంస్థ కోటిరత్నానికిచ్చిన పాఠం చెప్పే అనుమతి ఇవాళ్టితో సరి.

"అందరూ తలలూపుతున్నారు అత్తయ్యా. మనిషెవరో ఎలా తెలుస్తుంది?" అని గొణిగింది హైమ.

"చూస్తుండు," అని కోటిరత్నం తెర వైపు తిరిగింది. "కథ విన్నట్టే ప్రతి మాటకీ ఊ కొట్టండమ్మా."

సూదిలో దారం ఎక్కించింది. "ఊఁ" అన్నాయి వందల గొంతులు ఒక్కసారే. చీరలు పొరలుగా పరిచింది. "ఊఁ." వెంట్రుకవాసి తేడా లేదు.

అంచు మడిచేసరికి మాత్రం, తెర మూల గడిలోంచి ఊకి బదులు గురక వచ్చింది.

"ఎవరమ్మా అది?"

ఒకామె ఉలిక్కిపడి లేచింది. "అయ్యో పిన్నిగారూ, మీ గొంతు వింటూ కునుకు తీసేశానండి. ఎక్కడిదాకా వచ్చారు?"

తెర మీద 'మనుషులు: ఒకరు' అని వెలిగింది.

"పాఠం మధ్యలో నిద్రేంటండీ?" అనబోయింది హైమ.

"నువ్వూరుకోవే. నీడలకి నిద్రొస్తుందా?" అని కోడలి చెయ్యి నొక్కింది కోటిరత్నం. "పడుకో తల్లీ, హాయిగా పడుకో. నువ్వు లేచాక మళ్లీ మొదట్నుంచీ చెబుతాను."