ఒత్తు లేని మాట

దర్జీ నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. వాటి సందులోంచి వచ్చిన మాట రచయిత చెవిలో గుచ్చుకుంది.

కొట్టుకి ఎదురు మేడలో ఆవిడ ఎలాంటిదని, చొక్కా కొలతలిస్తూ ఆయనే అడిగాడు.

“ఆ అమ్మగారికి బావలెక్కువండీ. పొద్దస్తమానం గదిలో రాసుకుంటూనే ఉంటారు.”

రచయిత ఉలిక్కిపడ్డాడు. ఆ వెంటనే ఉబ్బిపోయాడు. ఛాతీ కొలత దర్జీ మళ్లీ తీసుకోవలసి వచ్చింది.

ఊళ్లో ఆయన్ని ‘మేడగారు’ అంటారు. మేడల్లోనే నడిచే ఆయన నవలల్లో మొగుడు ఎప్పుడూ మిల్లులో, పెళ్లాం ఎప్పుడూ ఇంకొకడి ఒళ్లో. మేడకి ఎన్ని మెట్లో, ఇల్లాలు అన్ని మెట్లు దిగజారాలి. ఆయన మాత్రం జన్మలో ఏ మేడ మెట్టూ ఎక్కి ఎరగడు.

‘మేడావిడ బావలు’ వారపత్రికలో నలభై వారాలు నడిచింది. ఆకుపచ్చ గేటు, గుండ్రటి కిటికీ ఉన్నదున్నట్టు దించాడు. బావలు మాత్రం వారానికొకడు. పాఠకులు లొట్టలేశారు. ఆ మేడ ఏదో ఊరంతా పోల్చుకుంది.

ఇరవయ్యో వారానికల్లా ఆ కిటికీ మూసేశారు. ఎందుకో ఆయన అడగలేదు. ఆవిడ ముఖం కూడా ఆయన ఎన్నడూ చూడలేదు.

ఆరేళ్ల తర్వాత అది పుస్తకంగా వస్తోంది. ప్రూఫులు దిద్దడానికి ప్రెస్సులో కొత్తగా ఒకావిడ చేరింది. నెరిసిన జుట్టు, దారం కట్టిన కళ్లజోడు, ఎర్ర సిరా కలం.

దిద్దిన మొదటి పదహారు పేజీలు చూసి మేడగారు మండిపడ్డాడు. ‘బావలు’ ఉన్న చోటల్లా ఆవిడ ఒక ఒత్తూ ఒక దీర్ఘమూ తగిలించి ‘భావాలు’ చేసింది.

“ఏమ్మా, నా కథానాయకులందరినీ ఒక్క కలంపోటుతో చంపేశారే?” అన్నాడు.

కంపోజింగు గది గదంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

“ఇది అచ్చుతప్పు కాదండీ, అచ్చంగా తప్పు. ఇప్పుడైతే దిద్దుకోవచ్చు. పుస్తకమయ్యాక ఇంక ఎవరు దిద్దుతారు?”

“ఒత్తులు దిద్దడం మీ పని, కథలు కాదు. అయినా మేడల్లో ఆడవాళ్ల సంగతి మీకేం తెలుసు?”

ఆవిడ కలానికి మూత పెట్టేసింది.

మేడగారు యజమానికి చెప్పి ఆ సాయంత్రమే ఆవిడని మానిపించాడు. బావలందరూ యథాస్థానాలకు చేరుకున్నారు.

పుస్తకం వచ్చిన రోజున ప్రెస్సులో అందరికీ టీ తెప్పించి, ఆయన మొదటి ప్రతి వాసన చూస్తుండగా దర్జీ వచ్చాడు. ప్రూఫులు దిద్దినావిడ సొరుగులో వదిలేసిన ఎర్ర కలం కావాలన్నాడు. ఆరేళ్లుగా తన కొట్టు వెనక గదిలోనే ఉండేదట. పని పోయాక మంచం పట్టిందట. ఈ పొద్దున పోయిందట. ఆ కలం కూడా ఆవిడతోనే పంపాలని అతని కోరిక.

ఇంతకీ ఆవిడ ఎవరని యజమాని అడిగాడు.

చదువు రాని దర్జీ, తెలిసిన మనిషే కదా అన్నట్టు మేడగారి వైపు తిరిగాడు. ఈసారి నోట్లో సూదులు లేవు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ పలికాయి.

“అప్పుడే చెప్పాను కదండీ మీకు, ఎదురు మేడలో అమ్మగారికి భావాలెక్కువ, కవితలు రాసుకుంటారని. పత్రికలో ఎవరో ఏదో రాశారని అయ్యగారు గెంటేసింది ఈ అమ్మనేనండీ.”