జానెడు లోతు

"ఒక్కసారికి ఒక్క గుండే పట్టే రైఫిల్ కావాలండి. చప్పుడు తక్కువుండాలి," అంది ఆమె.

ఆర్విడ్ తలెత్తి చూశాడు. ముప్పై ఏళ్లుంటాయి. వెంట ఎవరూ లేరు. ఏడ్చి ఏడ్చి ఇక ఏడవడం మానేసిన కళ్లు.

మోంటానాలోని ఆ చిన్న ఊళ్లో ఆర్విడ్ నలభై ఏళ్లుగా తుపాకుల కొట్టు నడుపుతున్నాడు. రెండేళ్ల కిందట ఇలాంటి కళ్లతోనే ఒకాయన వచ్చాడు. ఆర్విడ్ ఏమీ అడక్కుండానే రైఫిల్ అమ్మాడు. ఆ వచ్చిన ఆదివారమే చర్చిలో ఆయన ఆత్మశాంతికి ప్రార్థన చేశారు. అందరితో పాటు ఆమెన్ అనడానికి ఆర్విడ్‌కి నోరు రాలేదు. అప్పట్నించి ఏ తుపాకీ చూపించాలన్నా ముందు మనిషి కళ్లు చూస్తాడు.

"దేనికమ్మా?"

"నేల ఉడుతలకి. తవ్వి పోస్తున్నాయి."

ఏప్రిల్లో ఆ కొట్టుకి వచ్చే సగంమంది చెప్పే మాటే అది. మంచు కరిగిందంటే పచ్చికంతా బొరియలే.

"నలభై ఏళ్లుగా వాటితో యుద్ధం చేస్తున్నాం తల్లీ. ఇప్పటిదాకా అవే గెలుస్తున్నాయి," అన్నాడు, నవ్వుతుందేమోనని. ఆమె నవ్వలేదు.

పేరడిగితే కారిన్ అంది. నలభై మైళ్ల అవతలి పశువుల మకాం నుంచి వచ్చానంది. మీ దగ్గర కొట్లు లేవా అంటే, ఉన్నాయి గానీ అక్కడ అందరూ నన్నెరుగుదురంది. ఆ జవాబు ఆర్విడ్‌కి నచ్చలేదు.

పది గుండ్లు పట్టే రైఫిల్ తీసి బల్ల మీద పెట్టాడు. గురి తప్పినా వెంటనే ఇంకోటి కాల్చుకోవచ్చన్నాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"తప్పకూడదండి. ఒక్కటి చాలు."

ఆర్విడ్ ఆ రైఫిల్ తీసి మళ్లీ గోడకి పెట్టేశాడు. ఎలాగైనా ఈ పిల్లని తుపాకీ లేకుండా ఇంటికి పంపాలనుకున్నాడు.

మందు పెట్టమన్నాడు. ఆ మట్టిలో విషం వెయ్యనంది. బొరియలో నీళ్లు పొయ్యమన్నాడు. నీళ్లు లోపలికి దిగుతాయి, వద్దంది. పోనీ తవ్వి బోను పెట్టమన్నాడు.

"మా ఆయన రెండుసార్లు పార పట్టుకుని వెళ్లాడు. రెండుసార్లూ పార అక్కడే పారేసి వచ్చాడు. ఇంక వెళ్లనన్నాడు."

"బద్ధకస్తుడా?"

"కాదండి," అంది. అంతే.

ఆ చోటు ఎంత ఉంటుందని అడిగాడు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. కొసన ఒక రాయి ఉందట. మూడు వారాల కిందటే గడ్డి విత్తనాలు చల్లిందట.

"ఓస్, పూలమడా? అయితే ముందు ఆ రాయి దొర్లించి అవతల పారెయ్. ఈ చిన్న గుండు రాతికి తగిలిందంటే ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి."

ఆమె చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. రాయి కదపడం కుదరదంది. అందుకే ముందు కాగితం మీద గురి నేర్చుకుంటానంది. పాతిక గజాల నుంచి వందకి వంద తగిలేదాకా అక్కడ కాల్చనంది.

చావాలనుకునే మనిషి కాగితం మీద వంద గుండ్లు కాలుస్తానంటుందా? ఆర్విడ్ కొంచెం మెత్తబడ్డాడు. బరువైన గొట్టం, భుజానికి ఆనే మంచి చెక్క మడమ ఉన్న రైఫిల్ ఒకటి తీశాడు. బోల్టు లాగి, ఒక్క గుండు పెట్టి, మూసి కాల్చాలి. నిదానంగా వెళ్లే గుండ్లు వాడితే తలుపు వేసినంత చప్పుడే వస్తుందన్నాడు.

ఆమె దాన్ని భుజానికి ఆనించుకుంది. చిన్నప్పుడు ఎవరో చక్కగానే నేర్పారు. దించి, మెల్లగా అడిగింది.

"తప్పిపోతే, ఈ గుండు మట్టిలో ఎంత లోతు దిగుతుందండీ?"

నలభై ఏళ్లలో అతన్ని ఎవరూ అడగని ప్రశ్న అది.

"మెత్తటి నేలయితే జానెడు. మహా అయితే ఇంకో బెత్తెడు."

"జానెడేనా," అంది. ఆమె బిగబట్టిన ఊపిరి వదలడం అతనికి వినిపించింది.

ఆర్విడ్‌కి మళ్లీ భయం వేసింది. ఆ చోటు నా కళ్లతో చూస్తే గానీ తుపాకీ అమ్మను, ఎక్కణ్నుంచి కాల్చాలో నేనే చూపిస్తాను, రైఫిల్ నా బండిలోనే వస్తుంది, అన్నాడు.

"చూడాలా?"

"చూడాలమ్మా."

"సరే, రండి."

దారి పొడుగునా ఆర్విడ్ ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. రెండేళ్ల కిందట నోరు తెరవనివాణ్ని, ఈసారి తెరిచాను, ఈ బిడ్డని కాపాడు ప్రభూ, అని.

మకాం చేరేసరికి ఎండ వాలింది. వరండా మెట్టు మీద చిన్న ఎర్ర రబ్బరు బూట్లు, బురద ఎండి, జంటగా ఉన్నాయి. వాటిని చూడగానే ఆర్విడ్ ప్రాణం లేచి వచ్చింది. పసిపిల్ల ఉన్న తల్లి అలాంటి పని చెయ్యదు. దేవుడు విన్నాడనుకున్నాడు.

"కాల్చేటప్పుడు పాపని ఇంట్లోనే ఉంచమ్మా," అన్నాడు నవ్వుతూ.

ఆమె అప్పటికే ఇంటి వెనక గుట్ట ఎక్కుతోంది. రైఫిల్ పట్టుకుని అతను వెనకే నడిచాడు. గుట్ట మీద నడుమెత్తు తీగ కంచె ఉంది. ఆమె గేటు తీసి పక్కకి జరిగింది.

కొత్తగా మొలిచిన గడ్డి మధ్య ఉడుతలు తవ్విపోసిన మట్టికి అవతల, అతను దొర్లించి పారెయ్యమన్న రాయి మీద ఒక గొర్రెపిల్ల పడుకున్నట్టు చెక్కి ఉంది, దాని కింద ఒక పాప పేరు, నాలుగేళ్ల తేడాతో రెండు తేదీలు ఉన్నాయి.