కళ్లారా పట్నం

సెంట్రల్ స్టేషన్ బయటికి రాగానే దేవరాజులు తలెత్తి పైనున్న గడియారం వంక చూశాడు. ఎవరన్నా గమనిస్తున్నారేమోనని గబుక్కున దించుకున్నాడు. పాత అలవాటు. ఇప్పుడు చూస్తే ఎవరేమంటారని తనకు తానే సర్దిచెప్పుకుని, మళ్లీ తలెత్తి తనివితీరా చూశాడు.

ఆంధ్రకు రాజధాని కర్నూలన్నారు, ఆనక హైదరాబాదన్నారు. ఎవరేమన్నా దేవరాజులు ఊళ్లో పట్నమంటే చెన్నపట్నమే. "ఒక్కణ్ణే పోయి పట్నం చూసొస్తా" అంటే పెళ్లాం నవ్వింది. కరువులో పోయి ఏడాదిన్నర అక్కడే ఉన్న మనిషికి ఇంకా చూడనిదేముందని అడిగింది. ఏం చెప్తాడు? ఆ ఏడాదిన్నరా మైలాపూరు గుడి వీధిలో, చేతికర్ర పక్కన పెట్టుకుని, ముందు గుడ్డ పరుచుకుని కూర్చున్నానని ఇంట్లో ఏనాడూ చెప్పలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు.

గుడ్డి దేవరాజులంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. తెల్లారితే సత్రం అరుగు మీంచి చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టేది, పొద్దుగూకితే చెయ్యి పట్టి రోడ్డు దాటించేది పూలమ్మే మునియక్క. ఏ జన్మ రుణమో, తన సద్దిలో సగం అతనికి పెట్టేది.

అంతటితో ఊరుకుందా? పూలు తొందరగా అమ్ముడైపోతే చాలు, అతన్ని ట్రామెక్కించి పట్నమంతా తిప్పేది. "ఇదో, ఈ ఎర్ర మేడ హైకోర్టు. దాని నెత్తిన దీపం ఉండాది, ఓడలకి దోవ చూపేదానికి" అనేది. మ్యూజియానికి తీసుకుపోయి, "ఇది చచ్చిన కాలేజీ. ఈడ మనిల్లంత చేప ఎముకలు ఏలాడదీసుండారు" అనేది. బీచిలో కాళ్లు తడిపించి, "ఈ దినం సముద్రం పచ్చగా ఉండాదప్పా. ఆడ మూడు కట్టుమరాలు పోతా ఉండాయి" అనేది. దేవరాజులు తల తిప్పకుండా, రెప్ప ఎత్తకుండా వినేవాడు.

ఊళ్లో వానలు పడ్డాయని తెలిసిన రోజున ఆ అక్కతో ఒక్క మాటైనా చెప్పకుండా రైలెక్కేశాడు. ఇప్పుడు బావిలో నీళ్లున్నాయి, చేలో వేరుశనగ ఉంది. అయినా సద్దిమూట విప్పినప్పుడల్లా మునియక్కే గుర్తొచ్చి ముద్ద మింగుడు పడేది కాదు.

చచ్చిన కాలేజీ చూశాడు. జంతువులుండే బతికిన కాలేజీలో పులిని చూశాడు. బీచికి పోయి సముద్రం చూశాడు. ట్రాములు ఎత్తేశారు గానీ తక్కినవన్నీ అక్క చెప్పినట్టే ఉన్నాయి. ఒక్క ముక్క అబద్ధం లేదు. సంతోషపడాల్సింది పోయి, చూసేకొద్దీ అతనికి తల కొట్టేసినట్టయింది. ఈరోజు అక్క కాళ్ల మీద పడి ఆ మాట చెప్పెయ్యాలి. చెప్పకుండా మళ్లీ రైలెక్కితే తనదీ ఒక బతుకేనా అనుకున్నాడు.

గుడి వీధిలో మునియక్క అదే చోట కూర్చుని మల్లెపూలు కడుతోంది. జుట్టు అప్పటికంటే బాగా నెరిసింది. ముందుగా అతన్ని చూసింది పక్కన కొబ్బరికాయలమ్మే కన్నియమ్మ.

"అక్కా, ఈడ చూడు. మన గుడ్డి దేవరాజులు. కర్ర లేకుండా నడిచొస్తా ఉండాడే."

మునియక్క చేతిలో దారం ఒక్క క్షణం ఆగింది. "కూర్చోప్పా. ఎండనబడి వచ్చినట్టుండావు" అంది.

అంతే, చుట్టూ జనం మూగారు. అమ్మవారి మహిమ అన్నారొకరు. ఇంకొకరు కర్పూరం వెలిగించి అతనికి దిష్టి తీశారు. కన్నియమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఎట్ల వచ్చినాయి సామీ కండ్లు? ఏ డాక్టరు చూసినాడు? మా ఆయనకి ఈ మధ్య అంతా మసగ్గా కనబడతా ఉండాది. చెప్పు, నీకు పున్నెముంటాది."

దేవరాజులు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

"వాణ్ణి వదులు కన్నీ" అంది మునియక్క. "మీ ఆయన్ని రేపే ఎగ్మూరు కండ్లాసుపత్రికి తోలకపోదాం. నేనూ వస్తా."

సద్దిగిన్నె విప్పి, ఎప్పటిలాగే సగం ఆకులో పెట్టింది. పెరుగన్నం. తలొంచుకుని తిన్నాడు. చెప్పాలనుకున్న మాట నాలుక చివరిదాకా రావడం, వెనక్కి పోవడం. ఇంత జనంలో ఎలా చెప్తాడు?

రైలు వేళయింది. దేవరాజులు లేచాడు. మునియక్క కూడా లేచి అతని మణికట్టు పట్టుకుంది.

"రా, రోడ్డు దాటిస్తా."

"ఇంకా చెయ్యెందుకు పట్టేది అక్కా? వానికి కండ్లొచ్చినాయి గదా" అని కన్నియమ్మ నవ్వింది.

మునియక్క వినిపించుకోలేదు. బస్సు పోయేదాకా ఆగి, అతన్ని అవతలికి దాటించింది. అక్కడ ఎవరూ లేరు. దేవరాజులు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కా, నీకొక మాట చెప్పాల. నా కండ్లు..."

ఆమె అతని చెయ్యి వదల్లేదు. గొంతు మాత్రం తగ్గించింది.

"ఇప్పుడేం చెబుతావులే తమ్ముడా, మొదటి దినమే గంట కొట్టకుండా సైకిలు మీదికొస్తే, నాకంటే ముందు చూసి నన్ను వెనక్కి లాగింది నువ్వే గదా."